సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకానికి ముందు

పెనుకొండ చుట్టుపక్కల కార్ల విడిభాగాల యూనిట్లయినా, తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీలైనా, హిందూపురం గార్మెంట్ షెడ్లయినా ఉద్యోగం పోయిందన్న కబురు మాత్రం ఎప్పుడూ మర్యాదగానే వస్తుంది. ఎవరూ గట్టిగా అరవరు. హెచ్‌ఆర్ గదిలోకి పిలిచి, కుర్చీ వేసి, "మీ సెటిల్‌మెంట్ రెడీగా ఉంది, పాన్ జిరాక్సు, క్యాన్సిల్ చేసిన చెక్కు తెచ్చి రేపొక సంతకం పెట్టి పోండి" అంటారు. ఆ కాగితం అడుగున ఒక పెద్ద అంకె ఉంటుంది. జీవితంలో ఒకేసారి అంత డబ్బు చూడటం చాలామందికి అదే మొదటిసారి. ఇంటికి వచ్చి ఆ అంకె చెప్పగానే బ్యాంకులో తాకట్టున్న నగలు, ఎండిపోయిన బోరు, పెద్దపిల్ల ఫీజు అన్నీ వరసగా ముందుకొస్తాయి.

అడుగున ఉన్న అంకె మీద పెట్టిన దృష్టి, పైన ఉన్న రెండు చిన్న గళ్ల మీద ఎవరూ పెట్టరు. ఒకటి, ఉద్యోగం మానడానికి కారణం. రెండోది, చివరి పనిదినం. ఎంత పన్ను పడుతుంది, ఈఎస్ఐ నుంచి ఏమైనా వస్తుందా, పీఎఫ్ మీద కోత పడుతుందా, ఊళ్లో భూమి మీద వచ్చే రైతు డబ్బు నిలుస్తుందా అన్నవన్నీ చాలావరకు ఈ రెండు గళ్లే తేలుస్తాయి. సంతకం అయ్యాక వాటిని మార్పించడం దాదాపు అసాధ్యం. అందుకే ఈ అధ్యాయమంతా సంతకానికి ముందున్న ఒకటి రెండు రోజుల గురించే.

మన జిల్లాలో ఇది ఒక్క మనిషి వ్యవహారం కాదు. అనంతపురం, దాని నుంచి 2022లో విడిపోయిన శ్రీ సత్యసాయి జిల్లా, రెండూ దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లోవి. వేరుశనగ వేసి, వాన కోసం చూసి, చివరికి చెట్టు పీకి పశువులకు వేసిన ఏళ్లు ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. కాబట్టి ఇంట్లో ఒకరు ఫ్యాక్టరీకి పోతే మిగతావాళ్లు మెట్ట చేను చూసుకుంటారు. నెల జీతమే సేద్యానికి పెట్టుబడి. రామగిరిలో బంగారు గనులు నడిచిన రోజుల్లోనూ చుట్టుపక్కల పల్లెల లెక్క ఇదే. 2001లో భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక ఆ జీతాలూ ఆగిపోయాయి. జీతం ఆగినప్పుడు వచ్చే డబ్బు కార్మికుడి ఖాతాలో పడినా, దాని ప్రభావం ఇంటి మొత్తం మీద ఉంటుంది.

"అందరూ ఇట్లే రాసినారు"

సెటిల్‌మెంట్ షీటుతో పాటు చాలాచోట్ల ఇంకో కాగితం ఇస్తారు. "నా వ్యక్తిగత కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను" అని ముందే టైపు చేసి ఉంటుంది. ఎందుకని అడిగితే, "అందరూ ఇట్లే రాసినారు, ఫార్మాలిటీ అంతే, రేపు వేరే కంపెనీలో అడిగితే తీసేసినారని చెప్పుకోవడం మీకే మంచిది కాదు" అంటారు. వినడానికి మీ మేలు కోరి చెప్పినట్టే ఉంటుంది. దాని ఖరీదు ఎంతో లెక్క వేద్దాం.

నెలకు 18,000 జీతంతో నాలుగేళ్ల మూడు నెలలు పనిచేసిన ఒక ఆపరేటర్‌ను అనుకోండి. ఆర్డర్లు తగ్గి కంపెనీయే తీసేస్తే దాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ అంటుంది. ముందుగా నోటీసు ఇవ్వకపోతే ఒక నెల జీతం ఇవ్వాలి. పూర్తయిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా రావాలి. నాలుగేళ్లకు అది రెండు నెలల జీతం, అంటే 36,000. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం, కొత్త పని నేర్చుకోవడానికి ఇంకో పదిహేను రోజుల వేతనం 45 రోజుల్లోపు కార్మికుడి ఖాతాలో పడాలి. అన్నీ కలిపితే 63,000. రాజీనామా అని రాస్తే ఈ మొత్తంలో ఒక్క రూపాయి కూడా అడిగే హక్కు ఉండదు.

అసలు పెద్ద నష్టం ఈఎస్ఐ దగ్గర ఉంది. నెలకు 21,000 లోపు జీతమున్నవాళ్ల దగ్గర ప్రతినెలా ముప్పావు శాతం కోసి, కంపెనీ దానికి మూడుంపావు శాతం కలిపి కడుతుంది. ఆ డబ్బు ఆసుపత్రికే అనుకుంటారు చాలామంది. రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అని 2005 ఏప్రిల్ నుంచి ఒక పథకం ఉంది. ఫ్యాక్టరీ మూతపడో, రిట్రెంచ్‌మెంట్ వల్లో పని పోయిన బీమాదారుకు, చందా కట్టిన కాలపు షరతు సరిపోతే, మొదటి పన్నెండు నెలలు సగటు దినసరి వేతనంలో సగం, ఆ తర్వాత పన్నెండు నెలలు పావు వంతు నిరుద్యోగ భృతిగా ఇస్తారు. ఆ కాలంలో తనకూ కుటుంబానికీ వైద్యం కూడా ఉంటుంది. మన ఆపరేటర్‌కు అది రోజుకు సుమారు 300. ఇంకో పని దొరికేదాకా అనుకున్నా, ఆరు నెలలకే యాభై వేలు దాటుతుంది. దానికి తోడు 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని మరొకటి వచ్చింది. అందులో జీవితంలో ఒక్కసారి, గరిష్ఠంగా 90 రోజులు, సగం వేతనం ఇస్తారు. ఈ రెండో పథకాన్ని ఎప్పటికప్పుడు గడువు పెంచుతూ నడుపుతున్నారు కాబట్టి, దరఖాస్తుకు ముందు మీ ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ఒకమాట అడగాలి. స్వచ్ఛందంగా మానుకున్నవాళ్లకు ఈ రెండిట్లో ఏదీ వర్తించదు. "వ్యక్తిగత కారణాల వల్ల" అన్న ఆ టైపు కాగితం మిమ్మల్ని నేరుగా ఆ వర్గంలోకి తోసేస్తుంది.

మరి ఏం చేయాలి? గొడవ పడాల్సిన పనిలేదు. "సార్, మీరే తీసేస్తున్నారు కదా, ఆ మాటే రాసివ్వండి, సంతకం పెడతాను" అంటే చాలు. రిట్రెంచ్‌మెంట్ అని గానీ, ఉత్పత్తి తగ్గించడం వల్ల తొలగించామని గానీ లెటర్‌హెడ్ మీద ఒక ముక్క ఉండాలి. కంపెనీ ససేమిరా అంటే సంతకం పెట్టకుండా ఇంటికొచ్చి, జరిగింది తేదీతో సహా రాసి, హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పంపండి. ఆ మెయిలే రేపు లేబర్ ఆఫీసులో మీ సాక్ష్యం. ఒకసారి రాజీనామా రాసిచ్చి, తర్వాత ఒత్తిడి చేసి రాయించుకున్నారని నిరూపించడం మాత్రం ఏళ్లు పట్టే పని.

ఒక మినహాయింపు చెప్పాలి. కాలపరిమితి ఒప్పందం మీద చేరి, ఆ గడువు ముగిసి బయటికొస్తే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదు. అయితే కొత్త కోడ్ ప్రకారం అలాంటివాళ్లకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ లెక్క ఉంటుంది. మిగతావాళ్లకు అయిదేళ్ల నిబంధన అలాగే ఉంది. అలాగే సూపర్‌వైజర్ హోదాలో నెలకు 18,000 దాటి జీతం తీసుకునేవాళ్లు చట్టం దృష్టిలో కార్మికులు కారు, వాళ్లకు రిట్రెంచ్‌మెంట్ పరిహారం హక్కుగా రాదు.

షీటులో ఏ గీతకు ఎంత పన్ను

ఇక్కడినుంచి కాస్త సెక్షన్ నంబర్లు తప్పవు. 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, నంబర్లు మారాయి. ఆడిటర్లూ హెచ్‌ఆర్ వాళ్లూ ఇప్పటికీ పాత నంబర్లతోనే మాట్లాడతారు కాబట్టి నేనూ అవే వాడుతున్నాను.

చివరి నెల జీతం, బోనసు, నోటీసు పే: ఇవన్నీ మామూలు జీతమే, పూర్తిగా పన్ను లెక్కలోకి వస్తాయి. గ్రాట్యుటీకి 10(10) కింద 20 లక్షల దాకా మినహాయింపు ఉంది, అయితే చట్టప్రకారం రావాల్సిన మొత్తానికే. ఆ సూత్రం తేలిక: చివరి బేసిక్, డీఏ కలిపి పదిహేనుతో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. చివరి ఏడాది ఆరు నెలలు దాటితే దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. మిగిలిన సెలవులకు ఇచ్చే డబ్బుకు 10(10ఏఏ) కింద ప్రైవేటు ఉద్యోగులకు ఒకప్పుడు 3 లక్షలే పరిమితి. 2023 ఏప్రిల్ నుంచి అది 25 లక్షలు. ఆ లోపు కూడా పది నెలల సగటు జీతం లాంటి ఇతర కొలతలున్నాయి, వాటిలో ఏది తక్కువైతే అదే మినహాయింపు. ఫ్యాక్టరీ కార్మికులకు మామూలుగా ఇది మొత్తం మినహాయింపులోనే పోతుంది.

రిట్రెంచ్‌మెంట్ పరిహారానికి 10(10బి), స్వచ్ఛంద విరమణ, అంటే వీఆర్ఎస్ సొమ్ముకు 10(10సి). రెండింటికీ గరిష్ఠం 5 లక్షలు. వీఆర్ఎస్ మినహాయింపు జీవితంలో ఒక్కసారే. పదేళ్ల సర్వీసు గానీ నలభై ఏళ్ల వయసు గానీ నిండినవాళ్లకు, నిబంధనల ప్రకారం కంపెనీ అధికారికంగా స్కీము ప్రకటిస్తేనే అది వర్తిస్తుంది.

ఇబ్బంది పెట్టే గీత ఒకటుంది: "ఎక్స్‌గ్రేషియా". కంపెనీ దయతలచి ఇచ్చిందని దానికి పన్ను ఉండదనుకుంటారు. జీతానికి బదులుగా వచ్చిన లాభంగా చూసి, పైసాతో సహా పన్ను వేస్తారు. వీఆర్ఎస్ స్కీము కింద ఇస్తే 5 లక్షల దాకా పన్ను లేకుండా పోయే డబ్బే, ఎక్స్‌గ్రేషియా అన్న గీతలో పడితే మొత్తం పన్నుకు గురవుతుంది. షీటు తయారుచేసేది అకౌంట్స్‌లో కూర్చున్న ఒక గుమాస్తా. ఏ గీతలో ఏం రాయాలో అతను మీ కోసం ఆలోచించడు. మీరే అడగాలి.

కొత్త పన్ను విధానంలో మినహాయింపులేవీ ఉండవని ఒక అపోహ ప్రచారంలో ఉంది. ఇంటి అద్దె, 80సి లాంటివి పోయిన మాట నిజమే. గ్రాట్యుటీ, సెలవుల డబ్బు, రిట్రెంచ్‌మెంట్ పరిహారం, వీఆర్ఎస్ మినహాయింపులు మాత్రం కొత్త విధానంలోనూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మార్చి 31కి, ఏప్రిల్ 30కి మధ్య లక్షా పాతిక వేలు

రెండో గడి, చివరి పనిదినం, ఎంత తేడా తెస్తుందో ఒక లెక్కతో చూపిస్తాను. ఈ లెక్క ఎవరికైనా చెబితే మొదట నమ్మరు.

ఇరవై రెండేళ్ల సర్వీసున్న ఒక సిమెంటు ఫ్యాక్టరీ సూపర్‌వైజర్. నెలకు మొత్తం జీతం 65,000, అందులో బేసిక్, డీఏ కలిపి 42,000. కంపెనీ వీఆర్ఎస్ కింద 14 లక్షలు ఇస్తానంది. గ్రాట్యుటీ సుమారు 5,33,000, సెలవుల డబ్బు రెండున్నర లక్షలు. ఈ రెండింటికీ పన్ను లేదు, పక్కన పెట్టేయండి. వీఆర్ఎస్‌లో 5 లక్షలు మినహాయింపు పోగా 9 లక్షలు పన్నుకు మిగిలింది.

అతను మార్చి 31న బయటికి వస్తే, ఆ ఆర్థిక సంవత్సరంలో పన్నెండు నెలల జీతం 7,80,000కు ఈ 9 లక్షలు కలుస్తాయి. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 16,05,000. 2025-26 నుంచి ఉన్న కొత్త విధానం రేట్ల ప్రకారం సెస్సుతో కలిపి పన్ను 1,25,840.

అదే మనిషి ఏప్రిల్ 30న బయటికి వచ్చాడనుకోండి. పాత సంవత్సరంలో జీతం ఒక్కటే ఉంటుంది, అది 12 లక్షల లోపు కాబట్టి రిబేటుతో పన్ను సున్నా. కొత్త సంవత్సరంలో ఒక నెల జీతం 65,000, పైన 9 లక్షలు. డిడక్షన్ పోను 8,90,000. అదీ 12 లక్షల లోపే, మళ్లీ సున్నా. ఒక్క నెల తేడాతో 1,25,840 రూపాయలు.

జీతం బాపతు ఆదాయానికి పన్ను ఏ ఏడాదిలో పడుతుందన్నది, డబ్బు రావాల్సిన తేదీ, చేతికొచ్చిన తేదీ, ఈ రెండింట్లో ఏది ముందైతే దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి మార్చి 31న విరమించి, "చెక్కు ఏప్రిల్‌లో ఇవ్వండి సార్" అంటే ఉపయోగం లేదు. విరమణ తేదీయే మారాలి, లేదా స్కీములోనే వాయిదాల తేదీలు వేరే సంవత్సరంలో ఉండాలి. దీనికి పెద్ద ఉదాహరణ బీఎస్‌ఎన్‌ఎల్. 2019 నవంబరు 4 నుంచి డిసెంబరు 3 వరకు స్కీము తెరిచి ఉంచితే, యాభై దాటిన ఉద్యోగులు దేశవ్యాప్తంగా 78 వేలకు పైగా దరఖాస్తు చేసుకున్నారు. మన టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు ఒక్కరోజులో ఖాళీ అయినట్టయింది. 2020 జనవరి 31న వాళ్లంతా విరమించారు. ఎక్స్‌గ్రేషియాను మాత్రం రెండు ఆర్థిక సంవత్సరాలకు విడగొట్టి ఇచ్చేలా స్కీములోనే రాశారు. ప్రభుత్వ సంస్థ తన అవసరానికి చేసినా, పన్ను లెక్కలో ఉద్యోగికీ అది కలిసొచ్చే ఏర్పాటే. ప్రైవేటు కంపెనీని కూడా అలా అడగవచ్చు. జనవరి తర్వాత వీఆర్ఎస్ మాట వస్తే యూనియన్ మొదట అడగాల్సింది డబ్బు పెంచమని కాదు, తేదీ జరపమని అంటాను నేను. కంపెనీకి దానివల్ల పోయేది ఒక నెల జీతమే.

ఏప్రిల్ తర్వాత ఇంకో ఉద్యోగంలో చేరితే లెక్క మళ్లీ మారుతుంది. పై సూపర్‌వైజర్ మే నెల నుంచి నెలకు 35,000కు ఎక్కడైనా చేరితే, మొత్తం ఆదాయం 12 లక్షలు దాటి, పన్ను 70 వేలకు పైనే తేలుతుంది. అందుకని కొత్త కంపెనీలో చేరిన రోజే పాత కంపెనీ ఇచ్చిన మొత్తం వివరం అక్కడ చెప్పాలి. లేకపోతే ఏడాది చివర ఒకేసారి కట్టాల్సి వస్తుంది.

89 సెక్షన్ కింద ఉపశమనం అని ఆడిటర్లు ఇంకో దారి చెబుతారు. పెద్ద మొత్తం ఒకే ఏడాదిలో వచ్చి పడినందుకు ఇచ్చే ఊరట అది. రిటర్నుకు ముందే ఆన్‌లైన్‌లో ప్రత్యేకంగా ఒక ఫారం, పాత చట్టంలో 10ఇ, నింపాలి. అయితే వీఆర్ఎస్ మినహాయింపు తీసుకున్నవాళ్లకు అదే సొమ్ము మీద ఇది ఇవ్వరు. రెండింట్లో ఏది లాభమో లెక్కేసుకుని ఎంచుకోవాలి.

పీఎఫ్: అయిదేళ్లు, పదేళ్లు

పీఎఫ్ మొత్తం అయిదేళ్ల నిరంతర సర్వీసు తర్వాత తీసుకుంటే పన్ను లేదు. లోపు తీసుకుంటే ఉంది, 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తారు. పాన్ అనుసంధానం కాకపోతే ఇంకా ఎక్కువ. ఇక్కడ మళ్లీ ఆ మొదటి గడి అక్కరకొస్తుంది. ఆరోగ్యం పాడై గానీ, కంపెనీ వ్యాపారం కుదించుకుని లేదా మూసేసుకుని గానీ, మీ చేతిలో లేని మరో కారణం వల్ల గానీ ఉద్యోగం పోతే అయిదేళ్ల నిబంధన వర్తించదు. నాలుగేళ్ల మూడు నెలల ఆపరేటర్‌కు రిట్రెంచ్‌మెంట్ లెటరు ఉంటే పీఎఫ్ మీద పన్ను లేదు. రాజీనామా అయితే ఉంది.

కాంట్రాక్టర్ల కింద పనిచేసేవాళ్లకు ఇంకో చిక్కుంది. గేటు ఒక్కటే, మెషిను ఒక్కటే, కాంట్రాక్టరు మాత్రం ఏడాదికో రెండేళ్లకో మారతాడు. మారిన ప్రతిసారీ కొత్త పీఎఫ్ ఖాతా పడుతుంది. వాటన్నింటినీ ఒక్క యూఏఎన్ కిందికి బదిలీ చేయించుకుంటే సర్వీసు కలుస్తుంది, అయిదేళ్లు నిండుతాయి. చేయించుకోకపోతే ఆరేళ్లు పనిచేసినా ఖాతాలో ఏడాది సర్వీసే కనిపిస్తుంది. పాత కాంట్రాక్టరు మీ నిష్క్రమణ తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు. కడపలోని ప్రాంతీయ కార్యాలయం దాకా బస్సెక్కాల్సిన పనిలేదు.

పింఛను భాగం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. పదేళ్ల సర్వీసుంటే 58 ఏళ్లకు ఈపీఎస్ పింఛను వస్తుంది, కనీసం నెలకు వెయ్యి. తొమ్మిదేళ్ల ఆరు నెలలను కూడా పదేళ్లుగానే లెక్కిస్తారు. 50 నిండాక ముందుగానే మొదలుపెట్టుకోవచ్చు, ముందు తీసుకునే ప్రతి ఏడాదికీ నాలుగు శాతం కోత. పదేళ్లు నిండనివాళ్లు ఫారం 10సి నింపి పింఛను డబ్బు తెచ్చేసుకుంటారు. అక్కడే నెట్ సెంటర్ అబ్బాయి "అన్నా, ఇదీ క్లెయిం చేసేద్దామా?" అంటాడు. మీరు తలూపితే, ఎనిమిదేళ్ల సర్వీసు అక్కడితో తుడిచిపెట్టుకుపోతుంది. అదే ఫారంలో డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడిగే గడి ఉంది. అది తీసుకుంటే ఇంకో చోట రెండేళ్లు చేసినా పదేళ్లు నిండుతాయి. 15,000 వేతనం మీద పదేళ్లకు లెక్కేస్తే నెలకు 2,142. మీ తర్వాత మీ భార్యకూ పింఛను ఉంటుంది. ఈ వెయ్యీ రెండువేలూ ఎందుకనుకునేవాళ్లు కరువు ఏడాదిలో ఆగస్టు నెల ఇల్లెట్లా గడిచిందో ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఊళ్లో భూమి, ఇంటి కార్డులు

పట్నం నుంచి వచ్చే పన్ను పుస్తకాల్లో ఈ భాగం ఉండదు, కానీ మనకు ఇదే ముఖ్యం.

పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000. 2025 ఆగస్టు నుంచి రాష్ట్రం అన్నదాత సుఖీభవ పేరుతో దానికి జోడించి మొత్తం 20,000 చేసింది. గత అసెస్‌మెంట్ సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవాళ్లకు ఇది రాదు. పైన చెప్పిన సూపర్‌వైజర్ పేరు మీద అయిదెకరాల మెట్ట ఉందనుకోండి. ఇన్నాళ్లూ అతని జీతానికి పన్ను పడలేదు, రైతు డబ్బు వస్తూనే ఉంది. మార్చి 31 తేదీ వల్ల పన్ను కడితే, ఉద్యోగం పోయిన మరుసటి ఏడాదే రైతు డబ్బూ ఆగుతుంది. జీతం లేనప్పుడే అది కావాల్సింది, అప్పుడే పోతుంది.

బియ్యం కార్డు, పింఛన్లు, తల్లికి వందనం, వీటికి సచివాలయంలో వడపోత ఉంటుంది. ఇంట్లో ఎవరైనా ఆదాయపు పన్ను కట్టినా, నాలుగు చక్రాల సొంత వాహనమున్నా, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటినా పేరు ఆగుతుంది. బియ్యం కార్డుకు ఆదాయ పరిమితి పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000. ఫ్యాక్టరీ జీతం వల్ల కార్డు పోయిన ఇల్లు, జీతం పోయాక మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. భూమి పరిమితి మూడెకరాల మాగాణి లేదా పదెకరాల మెట్ట. గోదావరి జిల్లాలో పదెకరాలున్నవాడు ఆసామి. మడకశిర వైపు పదెకరాల మెట్ట ఉన్నవాడు బెంగళూరులో వాచ్‌మన్ పని వెతుక్కుంటాడు. ఈ కొలత మనకు సరిపోదని నా అభిప్రాయం. కానీ నిబంధన నిబంధనే.

గుర్తుంచుకోవాల్సింది హౌస్‌హోల్డ్ మ్యాపింగ్. మీ తల్లిదండ్రులు వేరే ఇంట్లో ఉంటున్నా, సచివాలయం రికార్డులో మీతో కలిసే ఉంటే, మీరు కట్టిన ఒక్క ఏడాది పన్ను మీ అమ్మకు నెలనెలా వచ్చే 4,000 పింఛనుకు అడ్డం పడవచ్చు. వేరుగా ఉంటున్నమాట నిజమైతే ముందే రికార్డు సరిచేయించుకోండి. ఇంకో భయం ఉంది, రిటర్ను వేస్తేనే పన్ను కట్టేవాళ్ల జాబితాలో పడతామని. రిటర్ను వేరు, పన్ను వేరు. పన్ను సున్నా అని తేలిన రిటర్నుకు ఆదాయపు పన్ను శాఖ పంపే ఇంటిమేషన్ ప్రింటు తీసి దాచండి. సచివాలయంలో పేరు ఆగితే చూపించాల్సిన కాగితం అదే.

బోరు

డబ్బు ఖాతాలో పడిన వారంలోనే రిగ్గు బండి కబురు వస్తుంది. టెంకాయ చేతిలో పెట్టుకుని చేనంతా తిరిగి పాయింటు చెప్పే పెద్దమనిషి కూడా ఎక్కడినుంచో వస్తాడు. ఎనిమిది వందల అడుగులు, వెయ్యి అడుగులు. నీళ్లు పడకపోతే, "ఇంకో రెండొందలు పోనీ అన్నా, రాయి మారుతాంది" అంటాడు బండి మీది పిల్లాడు. మూడు లక్షల పరిహారం దుమ్ముగా పైకి లేస్తుంటే ఇంటిల్లిపాదీ నిలబడి చూస్తారు. బోరు వద్దని నేననను. ఏడాది ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు, కట్టాల్సి రావచ్చనుకున్న పన్ను, ఈ మూడూ ముందు పక్కన తీసిపెట్టాక మిగిలినదాన్లోంచి మాత్రమే, అదీ ఒక్క పాయింటుకే. చీటీలకూ, ఊరి చివర వెంచర్లలో ప్లాట్లకూ ఇదే లెక్క.

వయసు 55 దాటి, 60 నిండకుండా వీఆర్ఎస్ మీద గానీ పదవీ విరమణ మీద గానీ బయటికొచ్చినవాళ్లకు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము తెరుచుకునే వీలుంది. మామూలుగా అది 60 నిండినవాళ్లదే. విరమణ సొమ్ము చేతికొచ్చిన మూడు నెలల్లో తెరవాలి. ఆ గడువు ఒకప్పుడు నెల, 2023 నవంబరులో పెంచారు. గరిష్ఠం 30 లక్షలు, వడ్డీ 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం, మూడు నెలలకోసారి చేతికొస్తుంది. తెరిచే రోజున రేటు అడిగి తెలుసుకోండి. వడ్డీ పన్ను లెక్కలోకి వస్తుంది, కానీ 12 లక్షల రిబేటు లోపల అది పెద్ద సమస్య కాదు.

డబ్బు ఆపితే

కొత్త వేతన కోడ్ ప్రకారం తొలగించినా, రాజీనామా చేసినా రెండు పనిదినాల్లో వేతన బకాయిలు ఇచ్చేయాలి. గ్రాట్యుటీకి 30 రోజులు. దాటితే వడ్డీతో ఇవ్వాలి. కంపెనీ వస్తువులు అప్పజెప్పలేదనో, నో డ్యూస్ రాలేదనో గ్రాట్యుటీ ఆపేస్తామని కొందరు బెదిరిస్తారు. కంపెనీ ఆస్తికి నష్టం చేసినందుకో, హింసకో, నైతిక నేరానికో ఉద్యోగం నుంచి తీసేసిన సందర్భాల్లోనే గ్రాట్యుటీ పట్టుకునే వీలు చట్టంలో ఉంది. గ్రాట్యుటీ అడుగుతూ కంపెనీకి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. నెల దాటాక లేబర్ శాఖలో గ్రాట్యుటీ కేసులు చూసే అధికారికి ఫిర్యాదు చేయవచ్చు, వకీలు లేకుండానే.

టీడీఎస్ కోసి ఉంటే, కోసినట్టు మీ 26ఏఎస్‌లో కనబడుతోందా లేదా చూసుకుని, ఫారం 16 అడిగి తీసుకుని, జులై 31 లోపు రిటర్ను వేయండి. పన్ను పడని ఆపరేటర్‌కైనా కోసిన డబ్బు వెనక్కి రావడానికి వేరే దారి లేదు. మానేసిన మనిషికి ఫారం 16 పంపాలని కంపెనీలో ఎవరికీ గుర్తుండదు కాబట్టి, సంతకం పెట్టే రోజే మీ సొంత ఈమెయిల్, సొంత ఫోన్ నంబరు ఆ షీటు మీద రాసి రండి. ఉద్యోగంతో పాటు కంపెనీ మెయిల్ ఐడీ కూడా ఆ సాయంత్రానికే మూసేస్తారు.